దొరువు దగ్గర రంగు తుపాకీ

పశువైద్యశాలలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. టీ తాగడం అయ్యాక వాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసేది?" కష్టమైన కాన్పు గురించో, పాము కరిచిన ఎద్దు గురించో చెబుతానని ఎదురుచూస్తారు. నేను తుపాకీ గురించి మొదలుపెట్టేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పెద్దాయనకు మతి చెడిందనుకుంటారేమో.

మతి బాగానే ఉంది. ఉద్యోగమంతా సూదులు పట్టుకున్న నేను చివర్లో కొద్ది వారాలు తుపాకీ పట్టుకున్న మాట నిజం. అది ప్రాణం తీసే తుపాకీ కాదు. పట్నం కుర్రాళ్ళు సరదాకి ఒకళ్ళ మీద ఒకళ్ళు రంగు గోళీలు పేల్చుకునే ఆట తుపాకీ. అది కూడా కొత్తది కాదు, ఎవరో ఆడి ఆడి మూలన పడేసింది.

నేనప్పుడు వాకాడు వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో కాంపౌండర్ని. కాగితాల మీద ఆ పోస్టుకు వేరే పేరుంది గానీ ఊళ్ళో అందరికీ నేను కాంపౌండరు సారునే. ఆ పక్క వరి కోతలయ్యాక పాలివ్వని గొడ్లను కట్టేసి మేపే అలవాటు తక్కువ. ఇసక నేలల్లోకి, సరుగుడు తోపుల్లోకి వదిలేస్తారు. నెలల తరబడి మనిషి చెయ్యి తగలకుండా తిరిగి తిరిగి అవి సగం అడవి గొడ్లయిపోతాయి. తాడు కనపడితే పరుగు. సొంతవాళ్ళు పిలిచినా చెవులు తిప్పి వింటాయే గాని దగ్గరికి రావు. పొద్దు వాలేవేళకు మాత్రం నీళ్ళ కోసం దొరువు దగ్గరికి చేరతాయి. దొరువంటే ఇసకలో తవ్విన వెడల్పాటి గుంట. సముద్రపు హోరు వినపడేంత దగ్గరలో ఉన్నా అందులో తియ్యటి నీళ్ళు ఊరతాయి.

ఆ ఏడాది ఆవులకు గడ్డల జబ్బు వచ్చింది. ముద్ద చర్మ వ్యాధి అని మా భాష. ఒంటినిండా చింతగింజలంత, రేగుపళ్ళంత గడ్డలు లేస్తాయి, జ్వరం కాస్తుంది, కాళ్ళు వాస్తాయి, మేత మానేస్తాయి. దోమలూ ఈగలూ ఒక దాని నుంచి ఇంకో దానికి మోసుకుపోతాయి. జబ్బు పడినవాటిని మందలోంచి విడదీయాలి, ఆరోగ్యంగా ఉన్నవాటికి టీకా వేయాలి. కట్టేసిన గొడ్లకయితే అది మామూలు పని. తోపులో తిరిగే మందకు ఎట్లా?

మా డాక్టరమ్మకు అది మొదటి పోస్టింగు. గోదావరి జిల్లా అమ్మాయి. సన్నగా, చలాకీగా ఉండేది. ప్రతి మాటకీ చివర 'అండి' తగిలించేది. మా అటెండరు ఆమె వెళ్ళిపోయాక ఆ 'అండి'ని అనుకరించి నవ్వించేవాడు. అతను ఆదివారం చర్చిలో డోలు వాయించే మనిషి. చేతులు ఊరికే ఉండవు, బల్ల దొరికితే బల్ల, సిరంజిల డబ్బా దొరికితే డబ్బా, దరువు వేస్తూనే ఉంటాడు. మేం ముగ్గురమే ఆసుపత్రి.

దొరువు చుట్టూ సరుగుడు బాదులు, అంటే సన్నటి వాసాలు, పాతి దడి కట్టించాలని డాక్టరమ్మ ఆలోచన చేసింది. మంద అలవాటు పడేదాకా వాకిలి తెరిచే ఉంచాలి. అలవాటు పడ్డాక ఒక సాయంత్రం మూసేసి, అవతలి వైపు సన్నటి దారిలోంచి ఒక్కొక్కదాన్నే బయటికి వదలాలి. ఆ దారి చివర ఊగే తలుపు. జబ్బుదయితే ఎడమ పక్క దొడ్లోకి, మంచిదయితే కుడి పక్క టీకా వేసే చోటికి.

"అంతా బాగుంది మేడం," అన్నాడు అటెండరు. "తలుపు కాడ ఉండేది నేనే గదా? అవి వచ్చేది పరుగున. దేనికి గడ్డలుండాయో, దేనికి లేవో రెప్పపాటులో నేనెట్టా కనిపెట్టేది? పోనీ రంగు పూసి పెడదామంటే దగ్గిరికి రానిస్తాయా?"

డాక్టరమ్మ నెమ్మదిగా అంది, "నేను కాలేజీలో ఉన్నప్పుడు ఒకసారి పెయింట్‌బాల్ ఆడానండి. దూరం నుంచి కొడితే రంగు గోళీ వచ్చి తగిలి పగులుతుంది. అవి నీళ్ళు తాగేటప్పుడు నేను బైనాక్యులర్లో చూసి చెబుతాను. మీరు రంగు కొట్టండి. తలుపు దగ్గర ఈయనకు రంగు కనపడితే చాలు కదండి."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

తీరంలో ఒక రిసార్టు వాళ్ళు ఆ ఆట కొన్నాళ్ళు నడిపి మూసేశారు. ఆమె స్వయంగా వెళ్ళి అడిగితే మేనేజరు స్టోరు రూములోంచి ఒక తుపాకీ, దాని గ్యాసు బుడ్డి, కళ్ళకు పెట్టుకునే ముసుగులు, ఒక సంచి గోళీలు ఇచ్చి పంపాడు. "పనిచేస్తుందో లేదో చెప్పలేను," అన్నాడట. పనిచెయ్యలేదు.

నేను పుట్టి పెరిగింది కోవూరులో. మా నాయనకు సైకిలు షాపు. ట్యూబు నీళ్ళలో ముంచి గాలి ఎక్కడ బుడగలొస్తుందో చూడటం నాకు అక్షరాలకంటే ముందు వచ్చిన విద్య. తుపాకీకి గ్యాసు బుడ్డి తగిలించగానే సర్రుమని చప్పుడు. సబ్బు నురగ పూసి చూస్తే అతుకు అతుకునా బుడగలు. ఉప్పుగాలికి లోపలి రబ్బరు రింగులు ఎండి, గోటితో గీరితే పొడిగా రాలాయి.

కోట ఊళ్ళో, రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు బాగుచేసే మెకానిక్ ఒకాయన నాకు పాత స్నేహితుడు. అతని షాపులో చిన్నవీ పెద్దవీ రబ్బరు రింగులు సీసాల నిండా ఉంటాయి. ఇద్దరం కూర్చుని ఊడదీశాం. చూడబోతే దాని పొట్టలో పెద్ద మాయేమీ లేదు. వెనక ఒక స్ప్రింగు, దాని ముందు సుత్తిలాంటి ఇనప ముక్క. మీట నొక్కితే ఆ ముక్క ముందుకు దూకి వాల్వును తడుతుంది. వాల్వు ఒక్క క్షణం తెరుచుకుని ఒక గుక్క గ్యాసు వదులుతుంది. ఆ గుక్క గోళీని తోస్తుంది. అన్నిటికంటే వెనక ఒక స్క్రూ. దాన్ని బిగిస్తే స్ప్రింగు గట్టిపడి దెబ్బ పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. ముందు ముందు నా ప్రాణం తీసింది ఆ స్క్రూయే.

"ఆడుకునే బొమ్మకి ఇంత ఊపిరి ఎందుకన్నా?" అన్నాడు మెకానిక్, రింగులు కొలిచి తొడుగుతూ. ఉప్పుగాలికి మళ్ళీ చెడకుండా ఉంటుందని ఏరియేటర్లకు వాడే చిక్కటి గ్రీజు లోపలంతా దట్టించాం. మంచిపని చేశామని ఇద్దరం మురిసిపోయాం.

గ్యాసు నెల్లూరులో మంటలార్పే సిలిండర్లు నింపేవాళ్ళ దగ్గర నింపించాను. అది సోడాలో ఉండే గ్యాసే. తుపాకీని గోనెసంచిలో చుట్టి బస్సులో తెచ్చాను. ఎవరైనా చూసి నిజమైనదనుకుంటే, కాంపౌండరు దొంగల్లో కలిశాడని కథలు పుట్టేవి.

దడి కట్టాక మొదటి ప్రయత్నం దొరువు దగ్గర, ఎండ ఇంకా తగ్గకముందే. మంద వచ్చింది. ముందు ఒక తెల్లటి పెద్దావు నడుస్తుంది, మిగతావి దాని వెనకే. అది ఆగితే ఆగుతాయి, అది తల ఎత్తితే అన్నీ తల ఎత్తుతాయి. దాని పక్కన ఒక తెల్ల పెయ్య. పెయ్య మెడ మీద గడ్డలు నాకు ఉత్త కళ్ళకే కనపడుతున్నాయి. డాక్టరమ్మ వేలు చూపింది. నేను దడి సందులోంచి గురిపెట్టి మీట నొక్కాను.

గోళీ బయటికి రాలేదు. గొట్టంలోనే పగిలి రంగు నా చేతుల మీద కారింది. ఆ గోళీల పెంకు గాలిలో తేమకు ఉబ్బుతుందని అప్పటికి మాకు తెలియదు. రెండోసారి నొక్కాను. ఈసారి గోళీ వెళ్ళింది, పెయ్య తొడ మీద పటుక్కున పగిలింది. స్క్రూ బాగా బిగిసి ఉందో ఏమో, పెయ్య గాల్లోకి ఎగిరి అరిచింది. మందంతా ఒక్కసారి కదిలి, దడి ఒక పక్క విరుచుకుని తోపులోకి పరుగు తీసింది.

రిసార్టు వాళ్ళిచ్చిన గోళీలు ఎర్రవి. తెల్ల చర్మం మీద ఎర్రటి రంగు తొడ నుంచి గిట్ట దాకా ధారగా కారుతూ ఆ పెయ్య పరుగెత్తింది. ఆ మందలో సగం గొడ్ల సొంతదారు సరిగ్గా అప్పుడే చేలోంచి అటు వచ్చింది. భర్త పోయాక సేద్యం, గొడ్లు తనే నడుపుకొస్తున్న మనిషి. ఊరంతా ఆమెను అక్కా అనేవాళ్ళు, నేనూ అంతే.

"సంపేశారు! నా పెయ్యను కాల్చి సంపేశారు!" అని కేక పెట్టి ఇసకలో కూలబడింది. మరుక్షణం లేచి నా మీదికి వచ్చింది.

"అక్కా, అది రగతం కాదు, రంగు," అంటున్నాను. నా చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఎవరు నమ్ముతారు? తుపాకీ నా చేతిలోంచి లాక్కుని దొరువులోకి విసిరేసింది. డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది.

"నువ్వు మాట్లాడబాకమ్మా," అంది ఆమె. "మందిస్తారని మిమ్మల్ని రానిస్తే తుపాకులు తెస్తారా? ఇంకోసారి నా గొడ్ల జోలికి వస్తే బాగుండదు."

ఆ రాత్రికల్లా ఊరంతా పాకిపోయింది. ఆ తర్వాత మూడు ఊళ్ళలో మమ్మల్ని వాకిట్లోకి రానివ్వలేదు. డాక్టరమ్మ జీపులో కిటికీ వైపు తిరిగి కూర్చునేది. అటెండరు కూడా దరువు మానేశాడు. ఈలోగా పక్క తోపులో గడ్డలతో ఒక దూడ చచ్చి పడి ఉందని కబురొచ్చింది. ఎవరిదో తేలలేదు. మేమే వెళ్ళి సున్నం చల్లి పూడ్చాం. పూడుస్తున్నప్పుడు డాక్టరమ్మ అంది, "తుపాకీ తీయగలమంటారా?"

అటెండరు దొరువులో దిగి కాళ్ళతో వెతికి తీశాడు. దాన్ని పట్టుకుని మళ్ళీ కోట వెళ్ళాను. విప్పి చూస్తే మా గ్రీజు పని అర్థమైంది. దొరువు గట్టున గాలికి లేచిన ఇసకా గ్రీజూ కలిసి ముద్దగా, ఇనప ముక్క జారే దారినంతా గరుకు కాగితంలా పట్టి ఉంది. అందుకే ఆ ముక్క ఒకసారి మెల్లిగా, ఒకసారి వేగంగా దూకి, దెబ్బ ఒకలా పడకుండా పోయింది. దొరువులో పడకపోతే మేం దాన్ని విప్పేవాళ్ళమే కాదు. అక్క మాకు చేసిన మొదటి ఉపకారం అదేనని తర్వాత చెప్పుకుని నవ్వుకున్నాం గాని, ఆ రోజు మాత్రం మెకానికూ నేనూ మాట్లాడుకోకుండా కిరసనాయిలుతో కడిగాం. ఈసారి గ్రీజు లేదు. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు, అంతే. గొట్టం లోపల గుడ్డతో అద్దంలా తుడిచాం.

కొత్త గోళీలు తెప్పించాలి. ఎరుపు వద్దని ముగ్గురం ఒక్కమాట అనుకున్నాం. "పసుపు చెప్పనాండి?" అంది డాక్టరమ్మ.

"పసుపంటే ఒక పార్టీ మేడం," అన్నాడు అటెండరు. "నీలమంటే ఇంకో పార్టీ. ఎవురి గొడ్డు మీద ఏ రంగు పడిందో దాని మీద పంచాయితీ అయిపోతది."

"కాషాయం?"

అటెండరు ఆమె వైపు చూశాడు. ఆమెకే అర్థమై ఊరుకుంది. చివరికి గులాబీ రంగు తేల్చాం. అదీ ఒక పార్టీదేనట గాని పక్క రాష్ట్రంలో. మా గొడ్లకు అంత దూరపు రాజకీయాలు అంటవనుకున్నాం. గోళీలు రాగానే గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఆసుపత్రి ఫ్రిజ్జుకు దూరంగా, నీడలో ఉంచాను.

ఇక మిగిలింది స్క్రూ. గోనెసంచిలో వరిగడ్డి కుక్కి, పైన పాత రెయిన్‌కోటు కప్పి, ఆసుపత్రి వెనక నిలబెట్టి కొన్ని రోజులు కొట్టాను. గట్టిగా బిగిస్తే సంచి గుంట పడుతుంది. వదులు చేస్తే గోళీ పగలకుండా ఎగిరి పడుతుంది. తగిలితే నొప్పి పుట్టకూడదు, అయినా పగలాలి. ఆ రెండింటికీ మధ్య చోటు చాలా ఇరుకు. స్క్రూను వెంట్రుకవాసి తిప్పడం, కొట్టడం, వెళ్ళి తడిమి చూడటం, మళ్ళీ తిప్పడం. తెల్లారితే చల్లదనానికి గ్యాసు బలం తగ్గేది, ఎండెక్కితే పెరిగేది. సాయంత్రం కుదిరిన లెక్క పొద్దుటికి కుదిరేది కాదు. అందుకని సాయంత్రం పనికి సాయంత్రమే సరిచూసుకోవాలని తెలుసుకున్నాను.

అయితే తుపాకీ బాగుపడినంత మాత్రాన ఊరు బాగుపడదు గదా. ఒకరోజు పొద్దున్నే అక్క తనంతట తనే ఆసుపత్రికి వచ్చింది. అరుగు మీద కూర్చోలేదు, వాకిట్లోనే నిలబడింది.

"పెయ్యకు గడ్డలు పగిలి చీము పడతా ఉండాది," అంది. "రంగు కడుక్కుపోయింది. తొడ మీద వాపు మాత్రం ఉండాది. అది మీరు కొట్టినదే."

డాక్టరమ్మ ముందుకు వచ్చింది. "అవునండి, మా దెబ్బేనండి. ఆ రోజు తుపాకీ సరిగ్గా లేదు. ఇప్పుడు బాగుచేశాం. గడ్డలు మాత్రం మా వల్ల రాలేదండి. విడదీయకపోతే మందంతా పాకుతుంది."

"బాగుచేసినారని నేనెట్టా నమ్మేది?"

ఆమె అటూ ఇటూ చూసింది. ఆసుపత్రి ఆవరణలో ఒక లావాటి వేపచెట్టు ఉంది. దాని వెనక్కి వెళ్ళి నిలబడి, కుడి చెయ్యి మాత్రం బయటికి చాపింది.

"కొట్టు సారూ. నా చేతి మీద కొట్టు. నేను తట్టుకుంటే నా గొడ్డు తట్టుకుంటది."

"వద్దండి, వద్దు!" అంది డాక్టరమ్మ.

"అయితే నా గొడ్లు మాత్రం ఎందుకమ్మా?"

డాక్టరమ్మ ముసుగు తీసుకెళ్ళి తనే ఆమె మొహానికి కట్టి వచ్చింది. నేను గొట్టం తుడిచాను. గోనెసంచి మీద రెండుసార్లు కొట్టి, స్క్రూ చూసుకుని, దూరం కొలిచి నిలబడ్డాను.

మొదటిది చెట్టుకు తగిలింది. బెరడు మీద గులాబీ రంగు పూసింది. చెట్టు వెనక నుంచి మాట వినపడింది: "చెట్టుకు టీకా ఎప్పుడేస్తారు?" అటెండరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

రెండోది మోచేతికి కింద, కండ మీద పడి పగిలింది. చెయ్యి కదల్లేదు. అక్క ముసుగు తీసి, చెట్టు వెనక నుంచి వచ్చి, చేతి వంక తిప్పి తిప్పి చూసుకుంది. రంగును బొటనవేలితో రుద్ది వాసన చూసింది. పైట కొంగుతో తుడిచింది. కింద చర్మం కొద్దిగా కందింది.

"వడ్ల మూట దించేటప్పుడు ఇంతకంటే గట్టిగా తగలతాది," అంది. "దడి కట్టుకోండి. నేను మనుషుల్ని తోలతా."

ఆమె వచ్చాక ఇంకెవరూ అడ్డం చెప్పలేదు. దడి మళ్ళీ లేచింది. మంద రెండు మూడు రోజులు అనుమానంగా చుట్టూ తిరిగి, తర్వాత మామూలుగా లోపలికి వచ్చి నీళ్ళు తాగడం మొదలుపెట్టింది.

అసలు రోజు గాలి సముద్రం వైపు నుంచి మెల్లిగా ఉంది. నేను దడి వెనక ఒక మోకాలి మీద కూర్చున్నాను. పక్కన డాక్టరమ్మ బైనాక్యులర్‌తో, ఇంకో పక్క అక్క. అటెండరు సన్నటి దారి చివర తలుపు పట్టుకుని విగ్రహంలా నిలబడ్డాడు. పెద్దావు ముందు, మంద వెనక. అన్నీ లోపలికి వచ్చాక ఊరి మనుషులు చప్పుడు లేకుండా వాకిలి బాదులు దించారు.

"ఎడమ పక్క ఎర్రావు, రొమ్ము మీద గడ్డలు," అని గొణిగింది డాక్టరమ్మ. నేను కొట్టాను. గోళీ తుంటి మీద పగిలింది. ఎర్రావు ఈగ వాలినట్టు చర్మం జలదరించి, మళ్ళీ మూతి నీళ్ళలో పెట్టింది. తర్వాత నల్ల దూడ. తర్వాత ఆ తెల్ల పెయ్య. దాని మంచి తొడ చూసి కొట్టాను. ఒక్కో దెబ్బకూ మధ్య చాలాసేపు ఆగాను. మంద నెమ్మదిగానే ఉంది. అట్లా ఇంకొన్ని.

తర్వాత డాక్టరమ్మ ఆగిపోయింది. బైనాక్యులర్ దించి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టింది. నా చెవిలో చెప్పబోయి, అక్క వైపు చూసి, పైకే చెప్పింది.

"పెద్దావండి. పొదుగు పక్కన, తొడ లోపలి వైపు. ముందుకాలు కూడా వాచింది."

పెద్దావు దడికి చాలా దగ్గరగా, మాకు పక్కవాటుగా నిలబడి నీళ్ళు తాగుతోంది. నేను తుపాకీ ఎత్తి, దించాను. ఆ ఆవు వెనకే ఆ మంద బతుకుతుంది. దాన్ని విడదీస్తే మిగతావి ఏమవుతాయో నాకు తెలియదు. ఆమెకు అది ఏమిటో మాత్రం ఆమె మొహంలో కనపడుతోంది.

"ఏంది సారూ, చూస్తా ఉండావు?" అంది చాలా నెమ్మదిగా. తర్వాత చెయ్యి చాపింది. "ఇటియ్యి. దానికి నేనేస్తా."

నేను డాక్టరమ్మ వైపు చూశాను. ఆమె తల ఊపింది. ఇంత దగ్గర నుంచి కొడితే దెబ్బ ఎక్కువవుతుందని స్క్రూ వెంట్రుకవాసి వదులు చేసి ఇచ్చాను. ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ చూడాలో చూపించాను. ఆమె మీట నొక్కింది.

గోళీ తుంటికి తగిలి, పగలకుండా ఇసకలోకి దొర్లింది. పెద్దావు తల తిప్పి సూటిగా మావైపు చూసింది. దాని వెంట మందంతా తల ఎత్తింది. అది ఒక్క అడుగు పరుగుకు వేసి ఉంటే దడి నిలిచేది కాదు.

అక్క నాలుకతో చిన్న చప్పుడు చేసింది. అది దూడగా ఉన్నప్పుడు చేత్తో మేపిన రోజుల్లో చేసిన చప్పుడట, తర్వాత చెప్పింది. పెద్దావు చెవులు ముందుకు పెట్టి కాసేపు విని, మళ్ళీ తల దించింది. నేను ఆమె చేతిలోని తుపాకీకే స్క్రూను తిరిగి కొంచెం బిగించాను. రెండో గోళీ మెత్తటి చప్పుడుతో పగిలి, తెల్లటి తుంటి మీద తామరపువ్వంత రంగు పరుచుకుంది. ఆవు తోక ఒకసారి ఊపింది, అంతే.

ఆమె తుపాకీ నా ఒళ్ళో పెట్టేసి, కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగింది.

అటెండరు ఆ సాయంత్రం చేసిన పని నేను ఎన్నటికీ మరవను. గొడ్లు సన్నదారిలోంచి దూసుకొస్తుంటే, నోటితో ఏదో దరువు మెల్లిగా అనుకుంటూ, దానికి సరిగ్గా తలుపు అటూ ఇటూ ఊపాడు. రంగున్నది ఎడమకు, లేనిది కుడికి. ఒక్కటీ తప్పలేదు.

మేం భయపడింది మరుసటి రోజు గురించి. చీకటి పడేలోపు కొన్నిటికే టీకా వేయగలిగాం, మిగిలినవాటిని వదిలేయాల్సి వచ్చింది; పెద్దావు లేని ఆ మంద చెదిరిపోయి తోపులో ఎటెటో పోతుందనుకున్నాం. తెల్లారి వెళ్ళి చూస్తే మంద ఎక్కడికీ పోలేదు. పెద్దావు ఉన్న దొడ్డి దడి బయట, దానికి ఎదురుగా నిలబడి ఉన్నాయి. మేత కూడా అక్కడక్కడే మేస్తున్నాయి. ఏళ్ళ తరబడి తాడు చూసి పరుగెత్తిన గొడ్లు, దాన్ని వదిలి పోలేక మా చేతికి చిక్కాయి. ఒక్కొక్కదాన్నే పక్కకు తోలి, మిగిలిన టీకాలన్నీ ఆ రోజూ మర్నాడూ వేసేశాం. తుపాకీ సంచిలోంచి తీసే పని కూడా పడలేదు. మంద దగ్గరగా ఉంటే దోమలతో జబ్బు పాకుతుందని డాక్టరమ్మ దడి చుట్టూ వేపాకు పొగ వేయించి, టీకాలు అవ్వగానే వాటిని దూరంగా తోలించింది. అవి పోలేక పోలేక పోయాయి.

దొడ్లో ఉన్నవాటిలో చాలావరకు కోలుకున్నాయి. తెల్ల పెయ్య కూడా మచ్చలు పడిన ఒంటితో లేచి తిరిగింది. పెద్దావుకు మాత్రం వయసు మళ్ళింది. డాక్టరమ్మ పొద్దునా సాయంత్రం వచ్చి సూదులు వేసింది, పక్కన కూర్చుని జావ తాగించింది. ఐనా ఒకరోజు పొద్దు పొడిచేసరికి అది తల నేల మీద పెట్టేసి ఉంది. డాక్టరమ్మ అక్కడే నిలబడి ఏడ్చేసింది. సొంత చేత్తో చూసుకున్న మొదటి ప్రాణం పోవడం ఎలా ఉంటుందో మీకూ ఒకరోజు తెలుస్తుందని, నన్ను చూడవచ్చే పిల్లలతో అంటుంటాను.

"ఏడవబాకమ్మా," అంది అక్క, ఆమె వీపు మీద చెయ్యి వేసి. "నువ్వేం చెయ్యగలవు? మిగతాయి నిలబడి ఉండాయి గదా."

గొయ్యి తవ్వారు. సున్నం సంచి విప్పారు. దించబోతుంటే అక్క ఆగమంది. దొరువులోంచి బిందెతో నీళ్ళు తెచ్చింది. పెద్దావు తుంటి మీద రంగు ఇంకా ఎండి పట్టి ఉంది.

"దీంతో పంపను," అంది. "ఇది జబ్బు గుర్తు గదా."

మోకాళ్ళ మీద కూర్చుని, అరచేత్తో మెల్లిగా రుద్ది కడిగింది. డాక్టరమ్మ బిందె పట్టుకుని నీళ్ళు పోసింది. గులాబీ రంగు నీళ్ళు ఇసకలోకి ఇంకిపోయాయి. రంగంతా పోయాక కూడా అక్క చెయ్యి తీయలేదు. ఆ చోట వేళ్ళతో ముందుకూ వెనక్కూ, వెంట్రుకలు విడదీసి, చర్మం నొక్కి నొక్కి తడిమి చూసింది. తర్వాత తల ఎత్తి నన్ను చూసింది.

"దెబ్బ మచ్చ లేదు సారూ," అంది. "అసలు లేదు."